తోడేలు పిల్లల మీద బెంగ: పదమూడేళ్ల బాలుడి కేస్ స్టడీ

డాలస్ పరిసరాల్లోని తెలుగు కుటుంబాల పిల్లలకు కౌన్సెలింగ్ చేసే మనస్తత్వ నిపుణురాలిగా నా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం చదువు, ఫోను, స్నేహాల చుట్టూ తిరుగుతుంటాయి. ఈ కేసులో ఫిర్యాదు తోడేళ్ల గురించి. తోడేలును పోలి ఉండి, పదివేల ఏళ్లకు పైబడి కనుమరుగైన డైర్ వుల్ఫ్‌ అనే జంతువులను జన్యు సవరణ ద్వారా తిరిగి తెచ్చామంటూ, డాలస్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న కొలోసల్ బయోసైన్సెస్ 2025 ఏప్రిల్ 7న మూడు పిల్లలను లోకానికి చూపింది. ఆ పిల్లలతో పదమూడేళ్ల బాలుడొకడు పెంచుకున్న అనుబంధాన్ని, దానివల్ల ఇంట్లోనూ బడిలోనూ తలెత్తిన ఇబ్బందిని, అనుబంధాన్ని తెంచకుండానే ఆ ఇబ్బందిని తగ్గించడానికి మేము అనుసరించిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. రాయడానికి బాలుడు, తల్లిదండ్రులు ముగ్గురూ అంగీకరించారు. గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను. బాలుడు ఒక్క షరతు పెట్టాడు. ఆ జంతువు శాస్త్రీయ నామం ఏనోసయాన్ డైరస్ అనీ, 2021లో వెలువడిన జన్యు అధ్యయనం దాన్ని తోడేళ్ల ప్రజాతి అయిన కేనిస్ నుంచి వేరు చేసిందనీ తప్పనిసరిగా రాయాలన్నాడు. రాశాను; ఆ షరతు వెనకున్న పట్టుదల కూడా ఈ కేసుకు అవసరమైన సమాచారమే.

కేసు వచ్చిన తీరు

బాలుడు ఎనిమిదో తరగతి. తల్లిదండ్రులిద్దరూ విజయవాడ ప్రాంతం వారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. 2025 సెప్టెంబరులో సైన్స్ క్లాసులో తోటి విద్యార్థి "అవి నకిలీ తోడేళ్లు" అన్నందుకు బాలుడు బల్లను తోసేసి బయటకు వెళ్లిపోయాడని బడి నుంచి ఫోను వచ్చింది. అప్పటిదాకా కోపం చూపని పిల్లవాడు కావడంతో తల్లిదండ్రులు కంగారుపడి నా దగ్గరకు తీసుకువచ్చారు.

ఇంట్లో జరుగుతున్నది విన్నాక బడి గొడవ చాలా చిన్నదనిపించింది. ఆ మూడు పిల్లలనూ అమెరికా ఉత్తర భాగంలో, రెండు వేల ఎకరాలకు మించిన కంచె వేసిన స్థలంలో ఉంచినట్టు కంపెనీ చెప్పింది గానీ, భద్రత కోసం ఆ స్థలం ఎక్కడుందో బయటపెట్టలేదు, సందర్శకులను అనుమతించదు. బాలుడు వేసవి సెలవుల నుంచి రాత్రిపూట ఉపగ్రహ పటాలు తెరిచి, ఒక్కో రాష్ట్రంలో కంచె గీతలను, మట్టి దారులను, షెడ్ల పైకప్పులను గాలిస్తూ, అనుమానం వచ్చిన చోట్లన్నిటినీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. నిద్రపోయేసరికి తెల్లవారుజామవుతోంది. రోములస్, రెమస్ 2024 అక్టోబరు 1న, ఖలీసీ అనే ఆడపిల్ల 2025 జనవరి 30న పుట్టాయి కాబట్టి, వాటి వయసును వారాల్లో లెక్కగట్టి గోడ మీద రాస్తున్నాడు. ఆరు నెలల వయసులో మగపిల్లలు దాదాపు 36 కిలోలున్నట్టు ప్రకటించారు. ఆ తర్వాతి బరువులను బూడిద రంగు తోడేళ్ల ఎదుగుదల పట్టికల సాయంతో తనే అంచనా వేస్తున్నాడు. అదే గోడకు లాస్ ఏంజెలెస్‌లోని లా బ్రెయా తారు గుంటల మ్యూజియంలో వరుసగా పేర్చిన 404 డైర్ వుల్ఫ్ పుర్రెల ఫొటో అంటించి ఉంది.

తండ్రి ల్యాప్‌టాప్ తీసేసుకున్నాడు. "ఒరేయ్, అవి కుక్కలురా, రంగు మార్చిన కుక్కలు" అని రోజుకోసారి అంటున్నాడు. తల్లి దానికి విరుద్ధంగా తోడేలు బొమ్మలు, టీషర్టులు, దుప్పటి కొని ఇచ్చింది. ఒకరు ఎగతాళితో, మరొకరు సరుకులతో అదుపు చేయాలని చూస్తుండగా బాలుడు ఇద్దరితోనూ మాట్లాడటం తగ్గించాడు. ఇలాంటి కేసుల్లో పెద్దవాళ్లు ఈ రెండు దారుల్లో ఒకటి పట్టడం చాలా మామూలు విషయం, ఎందుకంటే రెండింటిలోనూ పిల్లవాడు చెప్పేది చివరిదాకా వినవలసిన శ్రమ ఉండదు.

అంచనా

మొదట తేల్చుకోవలసింది ఇది భ్రాంతా, కాదా అన్నది. "రోములస్‌కు నువ్వు తెలుసా?" అని అడిగాను. "ఎలా తెలుస్తుంది ఆంటీ, అది నన్ను చూడలేదు కదా" అన్నాడు, నా తెలివి మీద కాస్త అనుమానంతో. ఇక్కడి తెలుగు పిల్లలకు కౌన్సెలర్ కూడా ఆంటీయే, నేను సరిదిద్దను. వాస్తవానికీ ఊహకూ మధ్య గీత అతనికి స్పష్టంగా తెలుసు. తెర మీద మాత్రమే కనిపించే వ్యక్తితో ఏకపక్షంగా ఏర్పడే అనుబంధాన్ని 1956లోనే హోర్టన్, వోల్ అనే సామాజిక శాస్త్రవేత్తలు వర్ణించారు. సినిమా నటుడి మీదో క్రికెటర్ మీదో అలాంటి అభిమానం పెంచుకున్న పిల్లవాడిని మనం రోగి అనుకోం. నటుడి స్థానంలో తోడేలు ఉన్నంత మాత్రాన కూడా అనుకోనక్కర్లేదు.

ఒకే విషయం మీద ఇంతటి పట్టు ఉన్నప్పుడు ఆటిజం లక్షణాలను పరిశీలించడం తప్పనిసరి. ఇద్దరు సన్నిహిత మిత్రులు, ఎదుటివారి ముఖం చూసి మాట మార్చగల నేర్పు, చిన్ననాటి మాటల ఎదుగుదల, మార్పులకు సర్దుకునే తీరు చూశాక ఆ దిశలో ముందుకు వెళ్లలేదు. పటాల గాలింపు నిర్బంధ రుగ్మతలా (ఓసీడీ) పైకి కనిపించినా, ఏదో కీడు జరుగుతుందన్న భయాన్ని తప్పించుకోవడానికి చేస్తున్నది కాదు. వెతుకుతున్నంత సేపూ అతనికి హాయిగానే ఉంది. నిరాశ లక్షణాలు నిద్రలేమితో వచ్చినంత వరకే. ఆందోళనను కొలిచే ప్రశ్నావళిలో మాత్రం, మిగతా భాగాలన్నీ మామూలుగా ఉండగా, దగ్గరివాళ్ల నుంచి విడిపోవడానికి సంబంధించిన భాగంలో అంకెలు పెరిగి ఉన్నాయి. తల్లి ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైతే ఇప్పటికీ వరసగా ఫోన్లు చేస్తాడని అప్పుడు తెలిసింది.

కేసును చర్చించినప్పుడు తోటి నిపుణులు ఇద్దరు ఒకే వివరణ సూచించారు: అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లవాడు, అటూ ఇటూ కాని అస్తిత్వం, "అసలుదా, నకిలీదా" అన్న తోడేలు ప్రశ్నలో తన ప్రశ్నే చూసుకుంటున్నాడని. వినడానికి చక్కగా కుదిరే వివరణే. అయితే బాలుడి మాటల్లోగానీ గీసిన బొమ్మల్లోగానీ నాకు దానికి ఆధారం కనబడలేదు. కుదిరినంత మాత్రాన వివరణను కేసు మీద కప్పడం నాకు సమ్మతం కాదు కాబట్టి దాన్ని పక్కన పెట్టాను.

తర్వాతి సమావేశాల్లో నేను అడిగేది తగ్గించి, అతణ్ని చెప్పనిచ్చాను. డైర్ వుల్ఫ్ అనగానే పిల్లలు పళ్ల గురించి, వేట గురించి, పరిమాణం గురించి మాట్లాడతారని ఎవరైనా అనుకుంటారు. ఇతను వాటి గురించి అడిగితేనే చెప్పేవాడు. తనంతట తాను మళ్లీ మళ్లీ తిరిగివచ్చింది మాత్రం ఆ పిల్లలను కన్న కుక్కల దగ్గరికి. ఆ పిల్లలు పెద్ద జాతి పెంపుడు కుక్కల గర్భంలో పెరిగి, సిజేరియన్ ద్వారా పుట్టాయి. కొద్ది రోజులు వాటి పాలే తాగాయి. ఆ కుక్కలు పిల్లలను మరీ ఎక్కువగా పట్టించుకుంటూ వాటి నిద్రకూ పాల వేళలకూ అంతరాయం కలిగిస్తున్నాయని సిబ్బంది పిల్లలను వేరు చేసి సీసా పాలతో పెంచారు. వార్తా కథనాల్లో ఒకటి రెండు వాక్యాలకు మించని ఈ వివరాన్ని బాలుడు తన నోటుపుస్తకంలో మొదటి పేజీలోనే రాసుకున్నాడు. "ఆ కుక్క తరవాత ఏం చేసింది? దానికి ఎవరైనా చెప్పారా?" అన్నది అతని ప్రశ్న. కంపెనీకి రాసిన ఉత్తరాల్లోనూ అడిగింది ఇదే.

ఈ దశలోనే బాలుడి పసితనం గురించి తల్లిదండ్రులను విడిగా అడిగాను. అయిదో నెలలో అమ్మమ్మతో విజయవాడ పంపించారని, మూడేళ్లు నిండబోతుండగా తిరిగి తెచ్చుకున్నారని చెప్పారు. ఇద్దరి ఉద్యోగాలు, వీసా చిక్కులు, ఇక్కడి డే కేర్ ఖర్చు, పసిబిడ్డకు ఇంటి మనిషి చెయ్యి కావాలన్న ఆలోచన కలిసి మన కుటుంబాల్లో ఎందరి చేతనో చేయించిన పనే వాళ్లూ చేశారు. అందులో నిందించడానికి ఏమీ లేదు. బాలుడికి ఈ సంగతి తెలుసు, కానీ హాస్య కథగా మాత్రమే: "ఎయిర్‌పోర్టులో మమ్మల్ని చూసి ఎవరో అనుకుని ఏడ్చావురా" అని నవ్వుతూ చెప్పే కథగా. ఆ కథలో అమ్మమ్మ వైపు ఏం జరిగిందన్నది ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

జంతువు గురించి నిజాయితీ

చికిత్స మొదలుపెట్టే ముందు ఆ జంతువు గురించి నా అవగాహన సరిగా ఉండాలని నిశ్చయించుకున్నాను. బాలుడికి ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలుసు. ఒక్క వాస్తవం తప్పు చెప్పినా ఆ తర్వాత నా మాటకు విలువ ఉండదు.

ఒహాయోలో దొరికిన సుమారు 13,000 ఏళ్ల నాటి పన్ను నుంచి, ఐడహోలో దొరికిన సుమారు 72,000 ఏళ్ల నాటి పుర్రె నుంచి సేకరించిన ప్రాచీన డీఎన్‌ఏను చదివి, బూడిద రంగు తోడేలు రక్తంలోని కణాల్లో 14 జన్యువులకు సంబంధించి 20 మార్పులు చేశారు. వాటిలో 15 మార్పులు డైర్ వుల్ఫ్ జన్యువుల్లో ఉన్నవే. తెల్లటి బొచ్చుకు సంబంధించి మాత్రం, డైర్ వుల్ఫ్ రూపాంతరాలు బూడిద రంగు తోడేలులో చెవుడుకో గుడ్డితనానికో దారితీసే ప్రమాదం ఉందని వేరే మార్పులు ఎంచుకున్నారు. ఆ కణాల కేంద్రకాలను కుక్క అండాల్లో ప్రవేశపెట్టి, క్లోనింగ్ పద్ధతిలో పిండాలు తయారుచేశారు. డైర్ వుల్ఫ్, బూడిద రంగు తోడేలు ఈ రెండు జాతుల జన్యుక్రమాలు 99.5 శాతం ఒకటేనని కంపెనీయే చెబుతోంది. అయితే దాదాపు 240 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలున్న జన్యుక్రమంలో మిగిలిన అర శాతమంటే కోటీ ఇరవై లక్షల తేడాలు. అందులో మార్చినవి ఇరవై. అదీగాక, 2021 నాటి అధ్యయనం ప్రకారం డైర్ వుల్ఫ్ వంశం బూడిద రంగు తోడేలు వంశం నుంచి సుమారు 57 లక్షల ఏళ్ల కిందటే విడిపోయింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘానికి చెందిన శునకజాతుల నిపుణుల బృందం, ఈ మూడూ డైర్ వుల్ఫ్‌లూ కావు, వాటికి ప్రత్యామ్నాయాలూ కావు అని 2025 ఏప్రిల్‌లోనే ప్రకటించింది. ఇవి ఇరవై మార్పులు చేసి క్లోన్ చేసిన బూడిద రంగు తోడేళ్లని కంపెనీ ప్రధాన శాస్త్రవేత్త బెత్ షపీరో కూడా మే నెలలో ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నారు.

"మీరేమంటారు?" అని బాలుడు సూటిగా అడిగాడు. తటస్థంగా ఉండిపోవడం కౌన్సెలర్లకు సులభమైన మార్గం. నేను మాత్రం, వాదనలు చూశాక విమర్శకుల వైపే మొగ్గుతున్నానని, అవి డైర్ వుల్ఫ్‌లు అని నేను అననని చెప్పాను. తర్వాత ఇంకో మాట కూడా చెప్పాను: అవి ఏ జాతి అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఏదైనా, 2024 అక్టోబరు 1న రెండు పిల్లలు పుట్టాయనీ, వాటిని కన్న కుక్కల దగ్గర నుంచి తీసేశారనీ, సీసాతో పెంచారనీ అన్నవాటిలో ఒక్క అక్షరమూ మారదు. అంటే నకిలీ అన్న మాట వర్తిస్తే ప్రకటనలోని పేరుకు వర్తించవచ్చు గానీ, తన బెంగకు కారణమైన విషయానికి వర్తించదు. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాతి వారం వచ్చేసరికి గోడ మీది శీర్షికలో "డైర్ వుల్ఫ్స్" కొట్టేసి మూడు పేర్లు మాత్రం ఉంచాడని తల్లి చెప్పింది. బడిలో గొడవ మళ్లీ జరగలేదు. ఈ కేసులో నేను చేసిన పనుల్లో ఎక్కువగా పనిచేసింది ఇదేనని నా అభిప్రాయం, దీన్ని చికిత్స అని పిలవవచ్చో లేదో గానీ.

చికిత్స

నిద్ర విషయంలో నిషేధం పెట్టలేదు. ల్యాప్‌టాప్ తిరిగి ఇప్పించి, పటాల గాలింపును రాత్రి భోజనానికి ముందు, హాల్లో, తండ్రి పక్కన కూర్చుని చేసుకునేలా ఒప్పందం రాయించాం. తండ్రి దీన్ని మొదట అవమానంగా తీసుకున్నారు. అయితే ఆయన కాలేజీలో చదివింది సివిల్ ఇంజనీరింగ్. ఎకరాల లెక్క, కంచె చుట్టుకొలత, నీటి వనరు ఉండవలసిన దూరం వంటి ప్రశ్నలు కొడుకు అడగటం మొదలయ్యాక, తెలియకుండానే ఆయనా అందులో దిగారు. కొద్ది వారాల్లో గాలింపు దానంతటదే పలచబడింది. రహస్యంగా చేసినప్పుడున్న రుచి నాన్న పక్కన కూర్చుని చేస్తే ఉండదు.

అనుబంధం గురించి శాస్త్రం ఏం చెబుతుందో ఇద్దరం కలిసి చదివాం. సీసా పాలు తాగించి పెంచిన మనుషులకు కూడా రోములస్, రెమస్ పూర్తిగా మచ్చిక కాలేదని, దగ్గరికి వెళితే వెనక్కి తగ్గుతాయని వాటిని చూసి వచ్చిన విలేకరులు రాశారు. చేతుల మీద పెంచిన తోడేలు పిల్లల మీద 2005లో హంగేరీ పరిశోధకులు చేసిన పరీక్షలో, కుక్కపిల్లల్లా అవి పెంచిన మనిషి పట్ల ప్రత్యేకమైన అనుబంధం చూపలేదని తేలింది. 2022లో స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయం వారు కాస్త పెద్ద వయసు పిల్లలను పరీక్షించినప్పుడు మాత్రం అవి పెంచిన మనిషినీ కొత్త మనిషినీ స్పష్టంగా వేరు చేసి చూశాయి. బాలుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి, "అంటే కుక్కలా పరుగెత్తుకు రావు, కానీ ఎవరు పెంచారో తెలుసు" అని తన మాటల్లో తేల్చుకున్నాడు. నేను దాన్ని అతని చిన్నతనానికి ముడిపెట్టలేదు. ముడిపెట్టే పని అతనిదే.

ఆ పని కుటుంబ సమావేశంలో జరిగింది. విమానాశ్రయం కథను ఈసారి నవ్వు లేకుండా, వరుస క్రమంలో, ఎందుకు పంపవలసి వచ్చిందో చెబుతూ పూర్తిగా చెప్పమని తల్లిని కోరాను. ఆమె చెప్పింది. విన్నాక బాలుడు అడిగినది తల్లి ఊహించిన ప్రశ్న కాదు: "నేను వచ్చేశాక అమ్మమ్మ ఏం చేసింది?" ఇద్దరికీ తెలియదు. ఆ వారాంతంలో వీడియో కాల్ చేసి అతనే అడిగాడు. అమ్మమ్మ మొదట మాట దాటవేసి, తర్వాత చెప్పిందట: "ఏం చేస్తాను నాన్నా, నీకు అన్నం కలిపే వేళకి చేతులు ఊరుకునేవి కావు. పక్కింటి పిల్లను పిలిచి కలిపి పెట్టేదాన్ని." ఈ మాట నాకు తల్లి చెప్పింది, బాలుడు నాతో దాని గురించి మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

అక్టోబరు 1న రోములస్, రెమస్‌ల మొదటి పుట్టినరోజు వచ్చినప్పుడు కేకు కొనాలా వద్దా అని తల్లి నాకు ఫోను చేసింది. కొనమని గానీ వద్దని గానీ అనకుండా, అతనేం చేయాలనుకుంటున్నాడో అడగమన్నాను. ఊళ్లోని కుక్కల ఆశ్రయ కేంద్రానికి దుప్పట్లు ఇవ్వాలన్నాడు. పిల్లలతో ఉన్న తల్లి కుక్కలకు ఇవ్వమని అక్కడివాళ్లకు మరీ మరీ చెప్పి వచ్చాడు. తోడేలు బొమ్మ ఉన్న దుప్పటి కూడా ఆ మూటలోనే వెళ్లిందని తర్వాత గమనించి తల్లి కాస్త నొచ్చుకుంది.

నవంబరులో కుటుంబమంతా వేకో వెళ్లి వచ్చారు. డాలస్‌కు సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊళ్లో 1978లో బయటపడిన కొలంబియన్ మామత్‌ల (అంతరించిపోయిన ఏనుగు జాతి) ఎముకలను, తవ్విన చోటనే, పైకప్పు కింద చూడవచ్చు. 2015 నుంచి ఇది జాతీయ స్మారకం. పెద్ద ఆడ మామత్‌లు, వాటి పిల్లలు కలిసి దొరికిన నర్సరీ మందగా దీన్ని అక్కడ వర్ణిస్తారు. ఈ ప్రయాణాన్ని నేను సూచించింది ఒకే కారణంతో: రహస్య స్థలంలో ఉన్నదాన్ని వెతికే పిల్లవాడికి, నిజంగా వెళ్లి చూడగలిగిన చరిత్రపూర్వ జంతువు ఒకటి ఉండాలని. చూసి వచ్చాక అతను ఎక్కువగా మాట్లాడింది ఎముకల మీది మట్టిని తీసే పద్ధతి గురించి. డిసెంబరు సెలవుల్లో హైదరాబాద్ వెళ్లినప్పుడు బిర్లా సైన్స్ మ్యూజియంలో, గోదావరి లోయలో దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూడాలని తనే జాబితాలో రాసుకున్నాడు. విజయవాడలో అమ్మమ్మ దగ్గర రెండు వారాలు ఉండాలన్నది ఆ జాబితాలో దానికంటే పైన ఉంది.

ప్రస్తుత స్థితి

ఇప్పుడు నిద్ర వేళకు పడుతోంది. ఆందోళన ప్రశ్నావళిలో విడిపోవడానికి సంబంధించిన అంకెలు తగ్గాయి గానీ మామూలు స్థాయికి ఇంకా రాలేదు. తల్లి ఆలస్యమైతే ఫోను ఇప్పటికీ చేస్తాడు, ఒక్కసారి మాత్రం. పసితనపు ఎడబాటు మొత్తం సమస్యకు మూలమని తల్లిదండ్రులకు నేను చెప్పలేదు. అలా చెబితే వాళ్లు అపరాధ భావంలో పడతారు, బాలుడి ఆసక్తి ఒక రోగ లక్షణంగా మిగిలిపోతుంది. అతనికి జన్యుశాస్త్రం మీద ఉన్నది నిజమైన ఆసక్తి, దాన్ని చికిత్స చేసి పోగొట్టవలసిన అవసరం లేదు. మూడు పిల్లల పేర్లు గోడ మీద అలాగే ఉన్నాయి, వారాల లెక్క నెలల లెక్కగా మారింది.

ముందు రాగల ఇబ్బందులను కూడా కుటుంబంతో మాట్లాడి ఉంచాం. క్లోన్ చేసిన జంతువులకు అనారోగ్యం వచ్చే అవకాశాన్ని తోసిపుచ్చలేం. అలాంటి వార్త ఏదైనా వస్తే బాలుడికి అది తరగతి గదిలో గానీ ఫోనులో గానీ కాకుండా తండ్రి నోట తెలియాలని నిర్ణయించుకున్నారు, అందుకోసం ఆయన ఆ వార్తలు తనే చూస్తున్నారు. ఈ మధ్య రోములస్ గురించి మాట్లాడేటప్పుడు ఆయన "అది" అనడం మానేసి "వాడు" అంటున్నారని కొడుకే నాకు ఫిర్యాదు చేశాడు. పరీక్షల రోజుల్లో పటాల గాలింపు మళ్లీ రాత్రుళ్లకు పాకితే, లేదా తల్లి ఊరికి వెళ్లవలసి వచ్చినప్పుడు తిండి మానేస్తే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని చెప్పాను. వేసవికి అమ్మమ్మ ఇక్కడికి వచ్చి ఆరు నెలలు ఉంటుంది. ఆమె తిరిగి వెళ్లే నెలలో రెండు సమావేశాలు ఇప్పుడే ఖాయం చేసి పెట్టాం. వాటిలో ఒకదానికి అమ్మమ్మ కూడా వస్తుంది.